బొంతమ్మ వీపు దిగని పిట్ట

దుందుభి నామ సంవత్సరం, ఎండాకాలం. తునికి పళ్లు రాలే రోజులు.

రాళ్లవాగు అడవిలో ఎలుగులు, ఏదుపందులు, దుప్పులు, కుందేళ్లు, కొండముచ్చులు ఉండేవి. పొదల్లో పికిలిపిట్టలు, కొమ్మల మీద గువ్వలు, వాగు గట్టున తీతువులు ఉండేవి. ఎండలు ముదిరితే వాగులో నీళ్లు పోయి రాళ్లు తేలేవి. నల్లబండ కింద ఒక్క మడుగు మాత్రం మిగిలేది. పెద్దవీ చిన్నవీ అన్నీ ఆ మడుగు దగ్గరికే వచ్చేవి.

ఆ ఏడు జరిగిన ఈ సంగతిని ఆ అడవిలో ఎవరూ గొప్పగా చెప్పుకోరు. పిల్లలు పదేపదే అడిగితే చెబుతారు. చెప్పేటప్పుడు నేల చూపులు చూస్తారు.

ఆ అడవిలో బొంతమ్మ అనే ముసలి ఎలుగు ఉండేది. దాని ఒంటి మీద పాత బొంతలాగా దట్టమైన జుట్టు. అందుకే ఆ పేరు వచ్చింది. అది చాలామంది పిల్లల్ని పెంచింది. ఒక్క పిల్లను కూడా చిరుతపులికి పోగొట్టుకోలేదు. ఆ మాట అది రోజుకు ఒక్కసారైనా ఎవరికో ఒకరికి చెప్పేది.

ఎలుగుల పద్ధతి ఒకటి ఉంది. పిల్ల గుహ దాటిన రోజు నుంచి తల్లి దాన్ని వీపు మీదే మోస్తుంది. పుట్ట తవ్వినా, తేనెపట్టు కొట్టినా, చిరుత ఎదురొచ్చినా పిల్ల వీపు దిగదు. తల్లి జుట్టు గట్టిగా పట్టుకుని ఉంటుంది. "పట్టుకో, వదలకు" అన్నదే ఎలుగు పిల్లకు మొదటి పాఠం.

పికిలిపిట్టల పద్ధతి వేరు. వాటి పిల్లలు రెక్కలు పూర్తిగా రాకముందే గూట్లోంచి కిందికి దూకేస్తాయి. కొన్నాళ్లు పొదల అడుగున గెంతుతూ తిరుగుతాయి. పడతాయి, లేస్తాయి, మళ్లీ పడతాయి. తల్లీ తండ్రీ పైనుంచి కాపలా కాస్తాయి. పురుగులు తెచ్చి నోట్లో పెడతాయి. నేల మీది పిల్ల తనంతట తాను కొమ్మ మీదికి ఎగిరిన రోజున దానికి పేరు పెడతాయి. అంతవరకు దానికి పేరు ఉండదు. పొద్దు గుంకే ముందు తల్లి కొమ్మ మీద కూర్చుని ఒక్కొక్క పేరే పిలుస్తుంది. పేరు విన్న పిల్ల ఎగిరి వచ్చి పక్కన వాలుతుంది.

ఈ రెండు పద్ధతులూ మంచివే. ఎవరి పద్ధతి వాళ్ల ఇంట్లో మంచిది.

ఒకనాటి పొద్దున బొంతమ్మ చెదపురుగులు తినడానికి రేగుపొదల వైపు వెళ్లింది. అక్కడ ఒక పుట్ట పక్కన పికిలిపిల్ల ఒకటి కూర్చుని ఉంది. దాని తోక ఇంకా వేలి గోరంత కూడా లేదు. తల మీద నూగు రేగిపోయి ఉంది. నోరు తెరిచి కీచు కీచుమంటోంది.

"అయ్యయ్యో! నేల మీద పసిబిడ్డ!" అంది బొంతమ్మ. "ఏ తల్లి కన్నదే నిన్ను, ఇట్లా మట్టిలో పారేసింది?"

పై కొమ్మ మీది నుంచి ఒక పికిలిపిట్ట సర్రున దిగింది. అది పిల్ల తల్లి. తోక కింద చీర అంచులాగా ఎర్రగా ఉంటుంది కనుక దాన్ని ఎర్రంచు అనేవాళ్లు. దాని వెనకే తండ్రి తురాయి కూడా వచ్చింది.

"అవ్వా, ఆగు! దాన్ని ముట్టుకోకు" అంది ఎర్రంచు. "అది పడలేదు, దూకింది."

"దూకిందా? రెక్కలు రాని పిల్ల దూకుతుందా? అబద్ధం ఆడితే అతికినట్టు ఉండాలి."

"మా పిల్లలన్నీ ఇట్లాగే దూకుతాయి అవ్వా. దాని తోడబుట్టినవి కూడా ఆ ఆకుల కింద ఉన్నాయి. కాస్త చూసి అడుగు వెయ్యి."

"ఓహో! ఒక్కదాన్ని కాదు, ఇంటిల్లిపాదినీ పారేసుకున్నారన్న మాట" అంది బొంతమ్మ.

తురాయికి కోపం వచ్చింది. ఎగిరి వచ్చి బొంతమ్మ చెవి మీద పొడిచింది. ఎలుగు చెవికి పికిలిపిట్ట ముక్కు ఎంత? దోమ కుట్టినట్టు కూడా లేదు.

"బాగుంది! పిల్లను కాపాడినందుకు ఇదా బహుమానం?" అని బొంతమ్మ తల విదిలించింది. "గొంతు పెద్దది చేస్తే తప్పు ఒప్పు కాదు నాయనా. ఈ పిల్లను నేను పెంచుతాను. పెంపకం అంటే ఏమిటో చూసి నేర్చుకోండి."

అది పిల్లను మెల్లగా పెదవులతో పట్టుకుని వీపు మీద పెట్టుకుంది. పిల్ల కాలిగోళ్లు ఆ దట్టమైన జుట్టులో చిక్కుకున్నాయి. అది అరవడం మానేసి అక్కడే ముడుచుకుంది.

"చూశారా? ఎంత హాయిగా ఉందో" అని చెప్పి బొంతమ్మ గుహకు నడిచింది. ఎర్రంచు, తురాయి గుహ దాకా అరుస్తూ వచ్చాయి. బొంతమ్మ వెనక్కి తిరిగి చూడలేదు.

గుహలో బొంతమ్మ పిల్లకు 'బంగారు' అని పేరు పెట్టింది. చెదపురుగులు తెచ్చి తినిపించింది. అంతవరకు మంచిదే. ఆ తరువాత మురిపెం ఎక్కువైంది. తేనె తెచ్చి నోట్లో కారబోసింది. తేనె ముక్కు మీది నుంచి మెడకు, మెడ మీది నుంచి రెక్కలకు కారింది. అప్పుడప్పుడే మొలుస్తున్న ఈకలు ఒకదానికొకటి అంటుకున్నాయి. బొంతమ్మ వాటిని నాలుకతో నాకి శుభ్రం చేసింది. ఎలుగు నాలుక గరుకు. లేత ఈకలు కొన్ని వంగిపోయాయి, కొన్ని విరిగిపోయాయి.

పక్క బొరియలో సూదమ్మ అనే ఏదుపంది ఉండేది. బొంతమ్మా అదీ వదినా మరదళ్లలాగా రోజూ ఏదో ఒకటి అనుకుంటూ ఉండేవి. సూదమ్మ వచ్చి పిల్లను చూసింది.

"వదినా, అది పిట్ట" అంది.

"ఎవరు కాదన్నారు?"

"పిట్టకు కొమ్మ కావాలి. నీ వీపు మీద జుట్టు ఉంది కానీ కొమ్మల్లేవు. వాళ్ల అమ్మ బయట గొంతు చించుకుంటోంది. ఇచ్చెయ్యి."

బొంతమ్మ నవ్వింది. "నీ వీపు నిండా ముళ్లే కదా. కడుపున పుట్టిన బిడ్డను ఒక్కనాడైనా వీపున మోశావా? అందుకే నీకు ఈ కుళ్లు."

"మోయలేదు, నిజమే" అంది సూదమ్మ. "అయినా నా పిల్లలు నడుస్తున్నాయి."

"నడుస్తాయి, నడుస్తాయి. మోసేవాళ్లు లేకపోతే ఎవరైనా నడుస్తారు."

సూదమ్మ ముళ్లు గలగలలాడించుకుంటూ వెళ్లిపోయింది.

ఎర్రంచు, తురాయి రోజూ వచ్చేవి. గుహ ముందు ఒక చదును రాయి ఉండేది. ఎర్రంచు నోట్లో పచ్చపురుగు పట్టుకుని ఆ రాయి మీద వాలేది. పిల్లను పిలిచేది. తరువాత రాయి మీది నుంచి పక్కనున్న పరికిపొద కొమ్మ మీదికి ఎగిరేది. మళ్లీ రాయి మీదికి వచ్చేది. మళ్లీ కొమ్మ మీదికి ఎగిరేది. 'ఇట్లా, ఇదిగో ఇట్లా' అన్నట్టు చేసి చూపేది.

అది చూసి పిల్లకు ఒళ్లు ఊరుకునేది కాదు. బొంతమ్మ వీపు మీద లేచి నిలబడి రెక్కలు టపటపా కొట్టేది. 

"పడతావు బంగారూ! పట్టుకో, వదలకు" అని అది నడుము వంచి, పంజాతో పిల్లను జుట్టులోకి అదిమేది.

కొన్నాళ్లకు పిల్ల రెక్కలు కొట్టడం తగ్గించింది. ఇంకొన్నాళ్లకు మానేసింది. తల్లి పిలిస్తే జుట్టులోంచి తల మాత్రం బయటపెట్టి చూసేది.

"బుద్ధిమంతురాలు" అని బొంతమ్మ మురిసిపోయింది.

అది సాయంత్రం మడుగుకు పోయేటప్పుడు పిల్లను వీపు మీద ఎక్కించుకుని పోయేది. దుప్పులు, కుందేళ్లు చుట్టూ చేరేవి.

"ఎంత దయ బొంతమ్మకు! పరాయి బిడ్డను, అదీ పిట్టను!" అనేవి దుప్పులు.

"ఇట్లాంటి తల్లి ఏ అడవిలో ఉంటుంది?" అనేవి కుందేళ్లు.

బొంతమ్మ నీళ్లు తాగడం మరిచిపోయి ఆ మాటలు తాగేది.

చివరికి ఎర్రంచు, తురాయి మడుగు దగ్గర పంచాయితీ పెట్టించాయి. ఆ అడవిలో తగాదాలు తీర్చేది మసితాత. మసితాత ముసలి కొండముచ్చు. దాని ముఖం మసి పూసినట్టు నల్లగా ఉండేది. అది నల్లబండ మీద కూర్చుంటే, కింద అన్నీ చేరి కూర్చునేవి.

"మసితాతా, మా పిల్లను మాకు ఇప్పించు" అంది ఎర్రంచు. "దాని తోడబుట్టినవి అప్పుడే పొద అంచుకు గెంతుతున్నాయి. ఇది ఆ పొద్దు నుంచి నేల తొక్కలేదు. ఇట్లాగే ఉంటే ఎగరలేదు తాతా. ఎగరని పిట్ట ఎట్లా బతుకుతుంది?"

"అది నేల మీద పడి ఉండగా చూసినవాళ్లు ఉన్నారా?" అని అడిగింది మసితాత.

"నేను చూశాను" అంది బొంతమ్మ. "ఏ పాము మింగినా అడిగే దిక్కు లేదు."

"మేము పైన కొమ్మ మీదే ఉన్నాం" అంది తురాయి.

"కొమ్మ మీద ఉండి ఏం చేస్తావు నాయనా? పాముకు పాట వినిపిస్తావా?" అంది బొంతమ్మ. దుప్పులు పకపకా నవ్వాయి. కుందేళ్లు కూడా నవ్వాయి. నవ్వేవాళ్ల పక్కన ఉండటం ఎప్పుడూ సుఖమే.

మసితాత తల గోక్కుంది. "ఒక పని చేద్దాం. పిల్లనే అడుగుదాం. పిల్లా, ఎవరి దగ్గర ఉంటావో వాళ్ల దగ్గరికి పో."

పిల్ల అందరినీ చూసింది. ఇన్ని ముఖాలు ఒక్కసారిగా తన జవాబు కోసం చూడటం అది ఎన్నడూ ఎరగదు. భయపడి బొంతమ్మ జుట్టును గట్టిగా పట్టుకుంది.

"తేలిపోయింది" అంది మసితాత. "పట్టుకున్నదే సాక్ష్యం."

"పట్టుకోవడం తప్ప దానికి ఇంకేం నేర్పారు?" అంది తురాయి.

 ఆ మాట విన్నాక కూడా తీర్పు మారలేదు. దుప్పులు, కుందేళ్లు బొంతమ్మను పొగుడుకుంటూ లేచి వెళ్లిపోయాయి. సూదమ్మ ఒక్కటే ఎర్రంచు దగ్గర కాసేపు కూర్చుని వెళ్లింది.

మరి కొద్ది రోజులకు, బొంతమ్మ రేగుపొదల మీదుగా వస్తూ ఒక వింత చూసింది.

పొద కింద ఒక పికిలిపిల్ల గెంతుతోంది. బంగారుతో పాటు పుట్టిన పిల్లే అది. అది రెక్కలు కొట్టింది, పడింది. మూతి మట్టిలో గుచ్చుకుంది. లేచింది. మళ్లీ కొట్టింది, మళ్లీ పడింది. ఎర్రంచు పక్కనే ఉంది కానీ ముట్టుకోలేదు. పిల్ల ఒకసారి గట్టిగా రెక్కలు విదిలించి లేచి, తడబడుతూ, ఒరిగిపోతూ పోయి రేగుకొమ్మ మీద వాలింది. కొమ్మ ఊగింది. పిల్ల కూడా ఊగింది. పడలేదు.

"చినుకు!" అని పిలిచింది ఎర్రంచు. "ఈ పూట నుంచి నీ పేరు చినుకు."

తురాయి సంతోషం పట్టలేక కొమ్మ చుట్టూ ఎగిరింది.

బొంతమ్మ కదలకుండా నిలబడింది. దాని వీపు మీద బంగారు మెత్తగా, బరువుగా, కదలకుండా కూర్చుని ఉంది. రెండూ ఒకే గూట్లో పుట్టిన పిల్లలు.

ఎర్రంచు బొంతమ్మను చూసింది. తిట్టలేదు. దగ్గరికి వచ్చి ఒక రాయి మీద వాలి, "అవ్వా, ఒక్కసారి దించు. ఇంకా మించిపోలేదు" అంది.

బొంతమ్మ చుట్టూ చూసింది. ఎవరూ లేరు. మెల్లగా వంగి బంగారును నేల మీద దించింది. బంగారు నాలుగు వైపులా చూసింది. ఒక గెంతు గెంతింది. రెక్క కొట్టబోయి ఒక పక్కకు ఒరిగి పడింది. మూతి రాయికి తగిలి రవ్వంత నెత్తురు వచ్చింది.

"అట్లా పడాల్సిందే" అంది ఎర్రంచు. "ఏం కాదు. లేవనీ."

సరిగ్గా అప్పుడే రెండు కుందేళ్లు పొద పక్క నుంచి వచ్చాయి.

"అయ్యో, నెత్తురు! బొంతమ్మా, నువ్వు ఉండగానే పిల్ల పడిందా?" అన్నాయి.

బొంతమ్మకు ముఖం మీద చెంపపెట్టు పడినట్టయింది. తన చేతిలో పెరిగే పిల్లకు దెబ్బ తగిలిందన్న మాట అది ఎన్నడూ పడలేదు. గబుక్కున బంగారును తీసి వీపు మీద వేసుకుంది.

"దించమని ఈ పిట్టే అడిగింది. ఏమవుతుందో మీరే చూశారుగా!" అని కుందేళ్లతో గట్టిగా అంది. అని అక్కడి నుంచి నడిచింది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ పూట బొంతమ్మకు అంతా తెలిసింది. పిట్టపిల్లలు పడి లేస్తేనే ఎగురుతాయని కళ్లారా చూసింది. తను చేస్తున్నది తప్పని తెలిసింది. కానీ అడవి అంతా పొగిడిన పెంపకం అది. పంచాయితీలో గెలిచిన పెంపకం. ఇప్పుడు పిల్లను దించితే దుప్పులేమంటాయి? సూదమ్మ ముఖం ఎట్లా చూడాలి? మసితాత తీర్పు ఏమవుతుంది?

"రేపు దించుతాను" అనుకుంది. మరునాడు మడుగు దగ్గర అందరూ ఉన్నారు. "ఎల్లుండి" అనుకుంది. ఎల్లుండి కూడా ఎవరో ఒకరు ఉన్నారు.

పికిలివాళ్ల ఇంట్లో చినుకు తరువాత ఇంకొక పిల్ల ఎగిరింది. దానికి మిణుగురు అని పేరు పెట్టారు. సాయంత్రం ఎర్రంచు పిలిచే పిలుపు గుహ దాకా వినిపించేది.

"చినుకూ! మిణుగురూ!"

ఆ తరువాత పిలుపు ఒక్క క్షణం ఆగేది. ఆ ఆగడం వినపడినప్పుడల్లా బొంతమ్మ చెవులు వాల్చుకునేది.

ఎండలు ఇంకా ముదిరాయి. వెదుళ్లు బెండుల్లా ఎండాయి. ఒక మధ్యాహ్నం వడగాలి లేచింది. కొండ మీద వెదురుకు వెదురు ఒరుసుకుని నిప్పు పుట్టింది. చూస్తుండగానే మంట గడ్డిని అందుకుని దిగువకు పరుగెత్తింది.

తీతువులు అరిచాయి. దుప్పులు వాగు వైపు దూకాయి. సూదమ్మ తన పిల్లల్ని లోతు బొరియలోకి తోసి తనూ దూరింది. పికిలిపిట్టలు ఒక్కసారిగా లేచాయి.

"చినుకూ! మిణుగురూ!" అని ఎర్రంచు కేక పెట్టింది. రెండు పిల్లలూ పొగ మీదుగా ఎగిరి అవతలి గుట్టకు చేరాయి.

బొంతమ్మ అప్పుడు పుట్టల దగ్గర ఉంది. వీపు మీద బంగారు ఉంది. రెండు పక్కలా గడ్డి మండుతోంది. మధ్యలో మడుగుకు దారి ఒక్కటే మిగిలింది. అదీ చాలా ఇరుకు. దాని పక్కనే పొదలు అంటుకుంటున్నాయి.

బొంతమ్మ పరుగెత్తింది. నిప్పురవ్వలు దాని వీపు మీద పడ్డాయి. ఎండిన జుట్టు చురచురమంది. తన వీపు అంటుకుందని బొంతమ్మకు తెలిసింది. ఆ వీపు మీదే పిల్ల ఉందని కూడా తెలుసు.

పైన తురాయి పొగలో చక్కర్లు కొడుతోంది. "ఎగరమను! అవ్వా, దాన్ని ఎగరమను!" అని అరుస్తోంది.

"ఎగురు బంగారూ!" అని బొంతమ్మ కేక పెట్టింది. "ఎగురు! నన్ను వదిలెయ్! ఎగురు!"

బంగారుకు 'ఎగురు' అనే మాట ఎవరూ నేర్పలేదు. భయం వేస్తే ఏం చెయ్యాలో మాత్రం దానికి బాగా వచ్చు. అది కళ్లు మూసుకుని, రెండు కాళ్లతో మండే జుట్టును గట్టిగా పట్టుకుంది.

బొంతమ్మ ఒళ్లు విదిలించింది. అది వదల్లేదు. మళ్లీ విదిలించింది. ఇంకా గట్టిగా పట్టుకుంది. పట్టుకో, వదలకు అని చెప్పింది ఎవరు?

ఇక చేసేది లేక బొంతమ్మ కళ్లు మూసుకుని మంట మధ్య నుంచి దూసుకుపోయి, మడుగు బురదలో వెల్లకిలా పడి దొర్లింది. నిప్పు చల్లారింది. బంగారు బురదలో కూరుకుపోయింది. తురాయి, ఎర్రంచు వచ్చి ముక్కులతో బురద లాగాయి. బొంతమ్మ పంజాతో దాన్ని బయటికి తీసింది.

అది బతికే ఉంది. ఎడమ రెక్క మాత్రం మొదలు దాకా కాలిపోయింది.

మంట మడుగు దగ్గరికి వచ్చి ఆగింది. సాయంత్రానికి అన్నీ ఒక్కొక్కటిగా నల్లబండ కింద చేరాయి. దుప్పులు వచ్చాయి, కుందేళ్లు వచ్చాయి. మసితాత కాలిన తోకను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. సూదమ్మ తన పిల్లల్ని వెంటబెట్టుకుని బొరియలోంచి వచ్చింది. వాటిలో ఒక్కదానికీ చిన్న గాయం కూడా లేదు.

అందరూ బొంతమ్మనే చూశారు. వీపంతా కాలి ఎర్రగా పచ్చి మాంసం కనిపిస్తోంది. దాని ముందు బంగారు ఒక పక్కకు ఒరిగి కూర్చుని ఉంది.

"పాపం బొంతమ్మ, తన ప్రాణం లెక్క చెయ్యకుండా..." అని మొదలుపెట్టింది ఒక దుప్పి.

"ఆ మాట అనకు" అంది బొంతమ్మ.

అది అందరి వైపూ తిరిగింది.

"పొగడకండి. మీ పొగడ్తలు తాగి తాగి నాకు కళ్లు మూసుకుపోయాయి. అది కూడా అబద్ధమే. కళ్లు తెరుచుకునే ఉన్నాయి. దీని తోడబుట్టినది ఎగరడం చూశాను. ఆ పూటే నాకు తెలిసింది. తెలిసి కూడా దించలేదు. మీరేమంటారో అని దించలేదు."

 దుప్పులు ఒకదాని వెనక ఒకటి తలలు దాచుకున్నాయి. నెత్తురు చూసి కేక పెట్టిన కుందేళ్లు చెవులు వాల్చుకున్నాయి. మసితాత తోక వైపు చూస్తూ, "తీర్పు నాది" అని గొణిగింది. ఆ తరువాత అది ఇంకెన్నడూ నల్లబండ ఎక్కలేదు.

సూదమ్మ ఏదో అనబోయింది. 'నేను చెప్పలేదా వదినా' అన్న మాట దాని నోటి దాకా వచ్చింది. బొంతమ్మ వీపు చూసి, నోరు మూసుకుంది.

మరునాడు బొంతమ్మ బంగారును తీసుకుని రేగుపొదల దగ్గరికి వెళ్లింది. రాళ్ల మధ్యన ఉన్న ఒక పొద మాత్రం కాలకుండా మిగిలింది. ఎర్రంచు దాని మీదే ఉంది. బొంతమ్మ తల ఎత్తలేదు. తల నేలకు ఆనించి, అడుగడుగూ పాక్కుంటున్నట్టు వెళ్లింది. అంత పెద్ద జంతువు అంత చిన్న పిట్ట ముందు అట్లా రావడం ఆ అడవి ఎన్నడూ చూడలేదు.

"దించుతున్నాను ఎర్రంచమ్మా" అంది. "నువ్వు అడిగినప్పుడు దించలేదు."

అది బంగారును నేల మీద పెట్టింది. బంగారు చప్పున దాని ముంజేతి జుట్టు పట్టుకుంది. బొంతమ్మ తన పొడుగాటి గోళ్లతో ఆ చిన్న కాలివేళ్లను ఒక్కొక్కటే విడదీసింది. పుట్టలను బద్దలు కొట్టే గోళ్లు అవి. ఆ పని అంత మెల్లగా చెయ్యడం వాటికి ఎన్నడూ అలవాటు లేదు.

"నన్ను క్షమించమని అడగను. అడిగే ముఖం లేదు" అంది.

ఎర్రంచు కొమ్మ దిగి వచ్చింది.  నోట్లో ఉన్న పచ్చపురుగును బంగారు నోట్లో పెట్టింది. ఆ పురుగు తినిపించాలని అది ఎన్నాళ్లుగానో తిరుగుతోంది.

బొంతమ్మ కొంచెం దూరం వెళ్లి కూర్చుంది. దగ్గరికి రాలేదు. వెళ్లిపోనూ లేదు. పాము గాని, ముంగిస గాని ఆ పొద వైపు వస్తే లేచి నిలబడేది. అంతకు మించి ఏమీ చేసేది కాదు. పిల్ల గెంతి పడినప్పుడు దాని పంజా దానంతట అదే ముందుకు వచ్చేది. బొంతమ్మ ఆ పంజాను రెండో పంజాతో పట్టుకుని కూర్చునేది.

ఆ తరువాత వానలు పడ్డాయి. కాలిన గడ్డి మళ్లీ పచ్చబడింది. వెదుళ్లు చిగిర్చాయి. మిగతా పిట్టల ఈకలు రాలి కొత్తవి వచ్చాయి. బంగారు ఎడమ రెక్కకు మాత్రం రాలేదు. సూదమ్మ పిల్లలు పెద్దవై వేరే బొరియలు తవ్వుకున్నాయి. చినుకు, మిణుగురు గూళ్లు కట్టుకున్నాయి.

అవి కట్టుకున్న గూళ్లలోంచి కూడా పిల్లలు దూకాయి. వాటిని చూసి ఏ జంతువూ 'అయ్యో' అని దగ్గరికి రాలేదు. ఆ పొదల పక్కగా వెళ్లేటప్పుడు దుప్పులు సైతం పక్కకు తప్పుకుని నడిచాయి.

బొంతమ్మ వీపు మీద మళ్లీ జుట్టు మొలవలేదు. ఆ వీపు మీద ఇంకే పిల్లా ఎక్కలేదు.

ఎర్రంచు సాయంత్రం కొమ్మ మీద కూర్చుని పేర్లు పిలిచేది. పిలిచిన వాళ్లు ఎగిరి వచ్చేవాళ్లు. పొద కింద నేల మీద ఒక పిట్ట తల పైకెత్తి వింటూ ఉండేది. 'బంగారు' అన్నది ఎలుగు పెట్టిన పేరు. పికిలివాళ్ల లెక్కలో దానికి పేరు లేదు.

ఆ పిట్ట ఎగరలేదు.

నీతి: సాయం చేసే ముందు అడగాలి. తప్పని తెలిసిన పూటే దిద్దుకోవాలి. పరువు కోసం ఆగితే, ఆ నష్టాన్ని మనల్ని నమ్మినవాళ్లు మోస్తారు.